రిడ్‌బర్గ్ పరమాణువులతో పని చేయాలనుంటే: హైడ్రోజనా, హీలియమా, రుబీడియమా?

ఈ మధ్య ఒక సాయంత్రం ప్రాక్టికల్స్ అయిపోయి ల్యాబ్‌లో లైట్లు ఆర్పుతున్నాను. కడప వైపు నుంచి వచ్చి మా అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న ఒక అమ్మాయి తలుపు దగ్గర ఆగి అడిగింది. "సార్, రిడ్‌బర్గ్ ఆటమ్స్ మీద ప్రాజెక్టు చేసి, తర్వాత పీహెచ్‌డీకి కూడా అదే లైన్‌లో పోవాలనుంది. హైడ్రోజన్ మంచిదా, రుబీడియం మంచిదా? దేంట్లో ప్రెసిషన్ ఎక్కువ వస్తుంది సార్?"

నిలబడి చెప్పే జవాబు కాదది. మరుసటి రోజు కూర్చోబెట్టి గంటన్నర మాట్లాడాను, అయినా సగమే చెప్పానేమో అనిపించింది. కర్నూలు, కడప, అనంతపురం కాలేజీల్లో ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని అడగడానికి మనిషి దొరకని పిల్లలు ఇంకా ఉంటారు. వాళ్ల కోసం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రెసిషన్ అంకె చూసి పరమాణువును ఎంచుకోవద్దు. ఆ పరమాణువు మీద కొలతను ఏది చెడగొడుతుందో తెలుసుకోండి. ఆ చెడగొట్టేదాన్ని విడిగా కొలవడం మీ చేతిలో ఉందో లేదో చూసుకుని ఎంచుకోండి.

ఎలక్ట్రాన్‌ను అంత దూరం పంపడం ఎందుకు

రిడ్‌బర్గ్ పరమాణువు అంటే కొత్త మూలకం ఏమీ కాదు. ఉన్న పరమాణువులోనే ఒక ఎలక్ట్రాన్‌ను బాగా పై మెట్టుకు ఎక్కించి, ఇక ఊడిపోతుందన్న అంచున నిలబెడతాం. ఆ మెట్టు నంబరే ప్రధాన క్వాంటం సంఖ్య, ఎన్. మామూలు హైడ్రోజన్‌లో ఎన్ విలువ 1, ఎలక్ట్రాన్ దూరం 0.053 నానోమీటర్లు. ఎన్ 50కి పోతే దూరం 2500 రెట్లయి 132 నానోమీటర్లకు చేరుతుంది. అంటే కరోనా వైరస్ కంటే పెద్ద పరమాణువు. కేంద్రకం పట్టు మాత్రం 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి 0.0054కు పడిపోతుంది. సెంటీమీటరుకు సుమారు 50 వోల్టుల క్షేత్రం పెడితే చాలు, ఎలక్ట్రాన్ ఊడి చేతికొస్తుంది.

ఇంత అర్భకమైన వస్తువుతో భౌతికశాస్త్రపు మూల సూత్రాలను పరీక్షించడం ఏమిటని అనుమానం రావాలి. దానికి జవాబు ప్రోటాన్ సైజు తగువులో ఉంది.

హైడ్రోజన్ శక్తి స్థాయిల లెక్కలో బయటి నుంచి తెచ్చి వేయాల్సిన సంఖ్యలు ముఖ్యంగా రెండు. ఒకటి రిడ్‌బర్గ్ స్థిరాంకం, అంటే శక్తి స్థాయిలన్నిటికీ కొలబద్ద లాంటి సంఖ్య. రెండోది ప్రోటాన్ వ్యాసార్థం. ఎస్ స్థితిలో, అంటే కోణీయ ద్రవ్యవేగం సున్నాగా ఉన్న ఎలక్ట్రాన్ అప్పుడప్పుడు ప్రోటాన్ లోపలికి కూడా దూరి వస్తుంది. లోపల ఉన్నంతసేపు దాని మీద ఆకర్షణ కాస్త తక్కువ. అందువల్ల 1ఎస్ స్థాయి (ముందున్న అంకె ఎన్ విలువ) సుమారు 1.1 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది. ఈ జరుగుడు ఎన్ ఘనాన్ని బట్టి తగ్గుతుంది: 2ఎస్‌లో ఎనిమిదో వంతు, 10ఎస్‌లో వెయ్యో వంతు.

మన మార్కెట్ యార్డులో చెనిక్కాయలు తూచడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. గోతంతో సహా కాటా మీద పెడితే ఒక్క అంకె వస్తుంది. అందులో కాయలెంత, గోతమెంత అనేది ఆ ఒక్క తూకంతో తేలదు. కాయల పాలు, గోతం పాలు వేరే విధంగా ఉన్న ఇంకో తూకం కావాలి. హైడ్రోజన్‌లో కాయలు రిడ్‌బర్గ్ స్థిరాంకం, గోతం ప్రోటాన్ సైజు. జర్మనీలో గార్చింగ్‌లో థియోడర్ హెన్ష్ బృందం 2011లో 1ఎస్–2ఎస్ పౌనఃపున్యాన్ని 2,466,061,413,187,035 హెర్ట్జ్ అని, 10 హెర్ట్జ్ అటూఇటూగా ప్రకటించింది. అంత గొప్ప తూకం కూడా గోతంతో కలిపి వేసిన తూకమే. ఎన్ బాగా పెంచితే మాత్రం గోతం బరువు దాదాపు సున్నా. దూరపు ఎలక్ట్రాన్ విలువ అక్కడుంది.

2010లో ఈ గోతం బరువు మీదే పెద్ద గొడవ వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలక్ట్రాన్ స్థానంలో దానిలాంటిదే కానీ బరువైన మ్యూవాన్ అనే కణాన్ని పెట్టి, మ్యూవానిక్ హైడ్రోజన్‌తో ప్రోటాన్ వ్యాసార్థం కొలిచారు. మ్యూవాన్ 207 రెట్లు బరువు కాబట్టి ప్రోటాన్‌కు చాలా దగ్గరగా తిరుగుతుంది, దాని సైజును బాగా పసిగడుతుంది. వచ్చిన విలువ 0.842 ఫెమ్టోమీటర్లు. అప్పటిదాకా అందరూ వాడుతున్నది 0.877. నాలుగు శాతం తేడా. మ్యూవాన్ చెప్పిందే నిజమైతే రిడ్‌బర్గ్ స్థిరాంకం కూడా, పౌనఃపున్యంలో చెప్పాలంటే, సుమారు 100 కిలోహెర్ట్జ్ జరగాలి.

తర్వాత మామూలు హైడ్రోజన్ మీదే ఒకరి తర్వాత ఒకరు కొలిచారు. 2017లో గార్చింగ్ 0.8335 అంది, 2018లో పారిస్ 0.877 అంది, 2019లో టొరంటోలోని యార్క్ యూనివర్సిటీ 0.833 అంది. 2020లో గార్చింగ్ మళ్లీ 0.848, 2022లో కొలరాడో 0.858. భౌతిక స్థిరాంకాల విలువలు ప్రకటించే అంతర్జాతీయ సంఘం కోడేటా 2018 పట్టికలోనే అధికారిక విలువ 0.8414కు మారింది. అంటే తీర్పు చాలావరకు చిన్న ప్రోటాన్ వైపే. కానీ పారిస్ 2018లో కొలిచిందీ, గార్చింగ్ 2020లో కొలిచిందీ ఒకటే గీత, అంటే 1ఎస్ నుంచి 3ఎస్‌కు ఎక్కించే పౌనఃపున్యం. ఒకే గీతకు రెండు ల్యాబుల్లో రెండు జవాబులు. దీన్ని గుర్తుపెట్టుకోండి.

వెర్నియర్ దగ్గర నేర్చుకున్నది

నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు హైడ్రోజన్ డిశ్చార్జ్ ట్యూబు, గ్రేటింగ్, స్పెక్ట్రోమీటర్‌తో రిడ్‌బర్గ్ స్థిరాంకం కనుక్కునే ప్రయోగం ఉండేది, ఇప్పటికీ ఉంది. అంగుళానికి 15,000 గీతల గ్రేటింగ్. ఎర్ర గీత, 656.3 నానోమీటర్లు, మొదటి ఆర్డర్‌లో 22 డిగ్రీల 48 నిమిషాల దగ్గర కనిపించాలి. నాకు ఎడమవైపు 22 డిగ్రీల 39 నిమిషాలు, కుడివైపు 22 డిగ్రీల 57 నిమిషాలు వచ్చాయి. సగటు తీస్తే కుదిరిపోయింది. సంతోషంగా రికార్డులో రాసుకుని పోయి చూపించాను.

మా సార్ జవాబు చూడనే లేదు. రెండు రీడింగుల కింద పెన్సిల్‌తో గీత గీసి, "ఈ 18 నిమిషాల తేడా ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నారు. గ్రేటింగ్ కాంతికి సరిగ్గా లంబంగా లేదు, రెండు డిగ్రీల దాకా వాలి ఉంది. సగటు ఆ తప్పును కప్పేసింది. మళ్లీ పోయి, ప్రిజం టేబుల్ స్క్రూలు సరిచేసి, రెండు వైపులా ఒక నిమిషం తేడాలోకి వచ్చేదాకా నన్ను అక్కడి నుంచి కదలనివ్వలేదు.

ఆ ప్రయోగంలోనే ఇంకో సంగతి ఉంది, చాలామంది గమనించరు. పుస్తకంలో రిడ్‌బర్గ్ స్థిరాంకానికి ఉన్న, మీటరుకు 10,973,731 అనే విలువ కేంద్రకానికి అనంతమైన బరువు ఉందనుకుని వేసినది. హైడ్రోజన్‌కు ప్రోటాన్ కూడా కొద్దిగా కదులుతుంది కాబట్టి 10,967,758 రావాలి. పిల్లలు రెండోదానికి దగ్గరగా తెచ్చి, మొదటిదానితో పోల్చి "ఎర్రర్ 0.05 శాతం" అని రాస్తారు. అది ఎర్రర్ కాదు, ప్రోటాన్ బరువు. మన వెర్నియర్‌లో ఒక నిమిషం తేడా వస్తే తరంగదైర్ఘ్యంలో 0.07 శాతం తేడా, కాబట్టి ఒక్క రీడింగులో అది కనపడదు. చాలా రీడింగులు జాగ్రత్తగా తీసినవాళ్లకు కనపడుతుంది.

ఈ రంగమంతా ఇదే పని. కోడేటా విలువకు ఇప్పుడు అనిశ్చితి లక్ష కోట్లలో రెండు పాళ్ల లోపే, అయినా ఎడమవైపు రీడింగుకు, కుడివైపు రీడింగుకు తేడా ఎందుకొచ్చిందన్న ప్రశ్నే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఇక పరమాణువుల సంగతికి వద్దాం.

హైడ్రోజన్, లేజర్ దారి

దీని బలం సిద్ధాంతం. ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. ఇంత శుభ్రంగా లెక్క వేయగలిగే స్థిరమైన పరమాణువు ఇంకోటి లేదు. 1947లో లాంబ్, రెదర్‌ఫర్డ్ ఇదే హైడ్రోజన్‌లో 2ఎస్, 2పీ స్థాయిల మధ్య సుమారు 1,058 మెగాహెర్ట్జ్ తేడా చూసిన దగ్గరే క్వాంటం ఎలక్ట్రోడైనమిక్స్‌కు, అంటే కాంతికీ ఎలక్ట్రాన్‌లాంటి కణాలకూ మధ్య వ్యవహారాన్ని చెప్పే సిద్ధాంతానికి, ఊపు వచ్చింది. కొలతకూ సిద్ధాంతానికీ మధ్య తేడా కనిపిస్తే, లెక్క చేతకాక వచ్చిన తేడా అని కొట్టిపారేయడం ఇక్కడ కష్టం.

బలహీనత దాని తేలికదనం. గది వేడిలో హైడ్రోజన్ పరమాణువు సెకనుకు రెండున్నర కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఆ వేగానికి డాప్లర్ మార్పు, అంటే కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే మార్పు, పది లక్షల్లో 8 పాళ్లు. మనకు కావాల్సిన కచ్చితత్వంతో పోలిస్తే అది కొండంత. ఎదురెదురుగా రెండు ఫోటాన్లు పంపి మొదటి వరుస మార్పును రద్దు చేస్తారు. అయినా మిగిలేది ఉంటుంది. లేజర్లు కూడా కష్టమైనవే: 1ఎస్–2ఎస్‌కు 243 నానోమీటర్లు, 2ఎస్ నుంచి పై మెట్లకు 365 నానోమీటర్ల దగ్గర, అన్నీ అతినీలలోహితం.

2024లో జ్యూరిక్ ఈటీహెచ్ బృందం హైడ్రోజన్‌ను 2ఎస్ నుంచి ఎన్ 20, 24 దాకా ఎక్కించి కొలిచింది. ఇందులో నాకు బాగా నచ్చింది వాళ్ల పద్ధతి. దారితప్పి వచ్చే విద్యుత్ క్షేత్రం రిడ్‌బర్గ్ పరమాణువుకు మొదటి శత్రువు. ఎంత కవచం కట్టినా పూర్తిగా పోదు. వాళ్లు తెలిసిన బలంతో తామే ఒక క్షేత్రం పెట్టి, ఆ క్షేత్రంలో స్థాయిలు ఎలా విడిపోతాయో చూసి లెక్క కట్టారు. మా సార్ పెన్సిల్ గీతకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

దీన్ని ఎవరు ఎంచుకోవాలంటే, అయిదారేళ్లు ఒకే గీత మీద కూర్చునే ఓపిక ఉండి, విదేశంలో సీటు తెచ్చుకోగల స్థితి ఉన్నవాళ్లు.

వృత్తాకార స్థితులు: నా మనసు ఇక్కడుంది

లేజర్‌తో ఎక్కించిన ఎలక్ట్రాన్‌కు సాధారణంగా కోణీయ ద్రవ్యవేగం తక్కువ. అలాంటిది ఎంత పై మెట్టులో ఉన్నా తిరిగి తిరిగి కేంద్రకం దగ్గరికి వచ్చి పోతుంటుంది. కోణీయ ద్రవ్యవేగాన్ని గరిష్ఠానికి, అంటే ఎన్ 50 అయితే 49కి పెంచితే, ఎలక్ట్రాన్ కేంద్రకం ముఖం చూడకుండా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. దీన్నే వృత్తాకార స్థితి అంటారు. 1983లో హ్యూలెట్, క్లెప్నర్ దీన్ని తయారుచేసే దారి చూపించారు.

లాభం రెండు విధాలు. ఎలక్ట్రాన్ ప్రోటాన్ దగ్గరికే పోదు కాబట్టి గోతం బరువు లేనట్టే. రెండోది ఆయుష్షు. ఎన్ 50 దగ్గర మామూలు స్థితి వంద మైక్రోసెకన్ల స్థాయిలో బతికితే, వృత్తాకార స్థితి 30 మిల్లీసెకన్ల దాకా బతుకుతుంది. ఎక్కువసేపు బతికిందంటే గీత అంత సన్నగా ఉంటుంది. పక్క మెట్టుకు పోవడానికి కావాల్సింది లేజర్ కాదు, 51 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్. మైక్రోవేవ్‌ను అణుగడియారంతో నేరుగా సరిపోల్చుకోవచ్చు. సెర్జ్ హరోష్‌కు 2012 నోబెల్ తెచ్చిన ప్రయోగాల్లో వాడినవి ఈ వృత్తాకార పరమాణువులే, ఎన్ 50, 51 స్థితులు.

నష్టాలు కూడా దాచకుండా చెప్పాలి. మొదటిది ఉష్ణ వికిరణం. మామూలు గది గోడల నుంచి వచ్చే వికిరణంలో 51 గిగాహెర్ట్జ్ దగ్గర ప్రతి మోడ్‌లో సగటున 120 పైచిలుకు ఫోటాన్లు ఉంటాయి. అవి ఎలక్ట్రాన్‌ను 30 మిల్లీసెకన్లు ప్రశాంతంగా ఉండనివ్వవు. అందుకని చుట్టూ ఉన్నదాన్నంతా ద్రవ హీలియంతో 4 కెల్విన్ దగ్గరికి చల్లార్చాలి. రెండోది, పరమాణువులు ఒకదాన్నొకటి పసిగట్టడం. ఇంత పెద్ద పరమాణువులు పక్కపక్కన ఉంటే వాటి డైపోల్స్ ఒకదాన్నొకటి లాగుతాయి.

మసాచుసెట్స్‌లో ఎంఐటీలో క్లెప్నర్ బృందం హైడ్రోజన్ వృత్తాకార స్థితుల మీద, ఎన్ 27–28, 29–30 మధ్య, 256 నుంచి 317 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో ఏళ్ల తరబడి ఈ పని చేసింది. దాదాపు 70 కిలోహెర్ట్జ్ అనిశ్చితి దగ్గరికి తెచ్చారు. తర్వాత పుట్టిన ప్రోటాన్ తగువు తేడా 100 కిలోహెర్ట్జ్. వాళ్లకు వచ్చిన విలువ పాత, కొత్త అంకెలు రెండింటి మధ్యన పడింది. ఇంకొక్క అడుగు ముందుకు పడి ఉంటే తీర్పు వాళ్లే చెప్పి ఉండేవాళ్లు. నేను ఈ కథ చెప్పిన ప్రతిసారీ క్లాసులో ఎవరో ఒకరు "అయ్యో" అంటారు. నాకూ అలాగే ఉంటుంది.

ఈ పనిని రుబీడియంతో కూడా చేయవచ్చు, ఆ ప్రతిపాదన మిషిగన్ నుంచి 2017లో వచ్చింది. రుబీడియంలో లోపల 36 ఎలక్ట్రాన్లు ఉన్నా, వృత్తాకార ఎలక్ట్రాన్ బయట తిరుగుతున్నంతకాలం దానికి లోపల ఉన్నది ఇంచుమించు ఒక ధనావేశపు చుక్కలాగే కనిపిస్తుంది. పైగా రుబీడియాన్ని లేజర్‌తో చల్లార్చడం చేయి తిరిగిన పని. హైడ్రోజన్ పరుగు బాధ తప్పుతుంది. కొత్తగా మొదలుపెట్టే ల్యాబ్‌కైతే నేను ఇదే చెబుతాను.

హీలియం: తగువు ఇంకా నడుస్తున్న చోటు

ఇప్పుడు నిజంగా తేలని ప్రశ్న కావాలంటే హీలియం వైపు చూడండి. రెండు ఎలక్ట్రాన్లు, కాబట్టి లెక్క హైడ్రోజన్ కంటే చాలా కష్టం. కానీ సాధ్యం కానంత కష్టం కాదు. దాని ట్రిప్లెట్ (రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లూ ఒకే దిక్కుగా ఉన్న) 2ఎస్ స్థితి ఒకసారి తయారైతే, దేన్నీ ఢీకొట్టకుండా ఉంటే, రెండు గంటలకు పైగా అలాగే ఉంటుంది. అక్కడి నుంచి 260 నానోమీటర్ల లేజర్‌తో వరుసగా ఎన్నో ఎన్ విలువల మెట్లు కొలుస్తారు. ఎన్ పెరిగేకొద్దీ మెట్లు దగ్గర దగ్గరగా సర్దుకుంటూ పోయి ఒక హద్దు దగ్గర ఆగుతాయి. ఆ హద్దే అయనీకరణ శక్తి. మెట్ల వరుస నుంచి హద్దును లెక్క కట్టి తేలుస్తారు. జ్యూరిక్ బృందానిదే ఇక్కడా ముందంజ. వాళ్ల కొలతకూ, కొత్తగా వేసిన సిద్ధాంతపు లెక్కకూ ట్రిప్లెట్ స్థితిలో పొంతన కుదరడం లేదు.

ఇది లెక్కలో వదిలేసిన చిన్న పదమా, కొలతలో దాగిన పొరపాటా, తెలియని కొత్త బలమా అన్నది తేలాలి. నేను పందెం కాస్తే మొదటిదాని మీద కాస్తాను. అయినా ఆ పదం ఏమిటో తేల్చడం కూడా చిన్న పని కాదు. హైడ్రోజన్‌లో దొరకని ఒక సుఖం కూడా హీలియంలో ఉంది: సిద్ధాంతం వేసే వాళ్లకూ, ప్రయోగం చేసే వాళ్లకూ సమానంగా పని ఉంటుంది. లెక్కలు ఇష్టమైన పిల్లలు మన దగ్గర చాలామంది. వాళ్లకు ఇది మంచి చోటు.

పాజిట్రోనియం, ప్రతిహైడ్రోజన్

పాజిట్రోనియంలో ప్రోటానే లేదు, ఎలక్ట్రాన్, దాని ధనావేశపు ప్రతికణమైన పాజిట్రాన్ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. గోతం సమస్యే పుట్టదు, అది గొప్ప ఆకర్షణ. కానీ రెండూ కలిసి మాయమైపోతాయి: స్పిన్‌లు ఎదురెదురుగా ఉన్న పారా రకం 125 పికోసెకన్లలో, ఒకే దిక్కుగా ఉన్న ఆర్థో రకం 142 నానోసెకన్లలో. పై మెట్టుకు ఎక్కిస్తే ఒకటి నుంచి ఒకటి దూరంగా ఉంటాయి కాబట్టి ఆయుష్షు బాగా పెరుగుతుంది, అందుకే రిడ్‌బర్గ్ పాజిట్రోనియం పనికొస్తుంది. హైడ్రోజన్ కంటే 900 రెట్లు తేలిక కాబట్టి అదే వేడిలో 30 రెట్లు వేగం. 2020లో లండన్ యూనివర్సిటీ కాలేజ్ బృందం ఎన్ 2 స్థాయిల్లో ఒక గీతను కొలిస్తే సిద్ధాంతం కంటే 2.8 మెగాహెర్ట్జ్ ఎక్కువ వచ్చింది. ఆసక్తికరమైన చోటే, కానీ పాజిట్రాన్ సోర్సు, దాని రేడియేషన్ అనుమతులు, కిరణాన్ని పట్టి నిలిపే యంత్రాలు కావాలి. ప్రతిహైడ్రోజన్ (ప్రతిప్రోటాన్, పాజిట్రాన్‌ల జోడీ) అయితే జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల తప్ప వేరే దారి లేదు. మ్యూవానిక్ హైడ్రోజన్‌కు మ్యూవాన్ కిరణం కావాలి. ఈ మూడింటి గురించి చదవండి, సెమినార్ ఇవ్వండి. మొదటి ఎంపికగా పెట్టుకోవద్దని నా సలహా.

రుబీడియం ఆవిరి గొట్టం: మన అందుబాటులో ఉన్నది

అగ్గిపెట్టె అంత గాజు గొట్టం, లోపల కొంచెం రుబీడియం. 780 నానోమీటర్ల ఎర్ర లేజర్ ఒకటి, 480 నానోమీటర్ల నీలి లేజర్ ఒకటి, ఎదురెదురుగా. ఎర్ర కాంతిని మామూలుగా ఆవిరి మింగేస్తుంది. నీలి లేజర్ సరైన రిడ్‌బర్గ్ మెట్టుకు కుదిరిన క్షణంలో ఆవిరి పారదర్శకమై ఎర్ర కాంతి బయటికొస్తుంది. ఆసిల్లోస్కోప్ మీద పల్లం మధ్యలో సన్నటి శిఖరం లేస్తుంది. వ్యాక్యూమ్ పంపు లేదు, ద్రవ హీలియం లేదు.

మన ఊళ్ల సంగతి ఒకటి ఇక్కడ చెప్పి తీరాలి. రుబీడియం 39.3 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో కర్నూలులో, అనంతపురంలో ఏసీ లేని గదిలో ఉంచితే గొట్టంలోని లోహం తనంతట తానే కరిగి మెరిసే బొట్టయి జారుతుంది. సీజియమైతే 28.5కే కరుగుతుంది, మనకు ఏడాదిలో చాలా రోజులు అది ద్రవమే. చూడటానికి అందంగా ఉంటుంది కానీ కొలతకు ఇబ్బంది. సుమారు పది డిగ్రీలు పెరిగితే ఆవిరి సాంద్రత రెట్టింపు దాటుతుంది. పొద్దున తీసిన శిఖరానికీ మధ్యాహ్నం తీసినదానికీ ఎత్తులో పోలిక ఉండదు. గొట్టం చుట్టూ చిన్న హీటరు చుట్టి, గదికంటే ఎక్కువగా, 50 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంచితే గది వేడి మారినా బాధ తగ్గుతుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ లేజర్ మళ్లీ స్థిరపడే దాకా ఆగాల్సి వస్తుంది కాబట్టి మంచి యూపీఎస్‌కు కూడా డబ్బు పక్కన పెట్టాలి.

దీని పరిమితి సూటిగా చెబుతాను. ఈ గొట్టంతో క్వాంటం ఎలక్ట్రోడైనమిక్స్‌ను ఎవరూ ప్రశ్నించలేరు. రుబీడియంలో లోపలి ఎలక్ట్రాన్ల వల్ల మెట్లు జరిగి ఉంటాయి, ఎస్ స్థితులకు సుమారు 3.13 మెట్ల మేర. దాన్నే క్వాంటం డిఫెక్ట్ అంటారు. అది ప్రయోగం నుంచి తెచ్చుకునే సంఖ్యే, మూల సూత్రాల నుంచి ఆ స్థాయి కచ్చితత్వంతో లెక్క కట్టలేం. అయితే దారితప్పిన క్షేత్రాలు, లేజర్ జారుడు, డాప్లర్, ఉష్ణోగ్రత, ఇన్ని శత్రువులనూ ఒకే బల్ల మీద పరిచయం చేసేది ఇదొక్కటే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. హైడ్రోజన్‌కు పోయే వాళ్లు కూడా ముందు ఇక్కడ చేయి కాల్చుకుంటే మంచిది.

మన దేశంలో భువనేశ్వర్ నైసర్‌లో, పుణె ఐసర్‌లో, బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రిడ్‌బర్గ్ పరమాణువుల మీద పని జరుగుతోంది. అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్ల చిల్లర. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ల్యాబ్ చూడవచ్చు. ముందు మెయిల్ పెట్టి, అనుమతి తీసుకుని, ఒక్కసారైనా పోయి చూసి రండి. వీడియోలో చూసిన శిఖరం వేరు, మీ కళ్లముందు లేచిన శిఖరం వేరు.

ఎవరికి ఏది

ఈ సెమిస్టర్‌లోనే ప్రాజెక్టు అయిపోవాలి, చేతిలో ల్యాప్‌టాప్ తప్ప ఏమీ లేదు అంటే, లెక్కల ప్రాజెక్టు తీసుకోండి. ఆర్క్ అనే ఉచిత పైథాన్ ప్యాకేజీ ఉంది, క్షార లోహాల రిడ్‌బర్గ్ స్థాయిలు, ఆయుష్షులు, క్షేత్రంలో జరుగుడు అన్నీ వేసిస్తుంది. కానీ మొదట దాన్ని ముట్టుకోకుండా క్వాంటం డిఫెక్ట్ సూత్రంతో కాగితం మీద వేసి, తర్వాత ప్యాకేజీతో పోల్చి, తేడా ఎక్కడ వచ్చిందో రాయండి. ఆ తేడా రాసిన పేజీయే వైవాలో మిమ్మల్ని నిలబెడుతుంది.

మన దేశంలోనే పీహెచ్‌డీ చేయాలి, ఇంటికి దగ్గరగా ఉండాలి అన్నవాళ్లు రుబీడియం తీసుకోండి, చల్లార్చిన పరమాణువుల ల్యాబ్ అయితే ఇంకా మేలు. అక్కడి నుంచి వృత్తాకార స్థితులకు దారి ఉంది. విదేశం పోగలిగితే, ప్రయోగం ఇష్టమైతే హైడ్రోజన్, లెక్క ఇష్టమైతే హీలియం. కొత్త బలాల వేట మీదే మనసుంటే ఒకే ఎన్ మీద ఆగే ల్యాబ్ కంటే చాలా ఎన్ విలువలు కొలిచే ల్యాబ్ చూడండి. ఎన్ 20 దగ్గర పరమాణువు వ్యాసార్థం 21 నానోమీటర్లు, 50 దగ్గర 132. తెలియని బలం ఏదో ఒక దూరం దాకా పనిచేసేదైతే, రకరకాల సైజుల పరమాణువులను పోల్చినప్పుడే దాని జాడ దొరుకుతుంది. 2020లో ఇంగ్లండ్‌లోని డరమ్ యూనివర్సిటీ పరిశోధకులు హైడ్రోజన్‌తో ఇలా వెతకవచ్చని లెక్కలు వేసి చూపించారు.

ఏ ల్యాబ్‌కు దరఖాస్తు చేసినా, ఇంటర్వ్యూలో మీకు ప్రశ్న అడిగే అవకాశం వస్తే ఒకటే అడగండి: "మీ కొలతలో ఇప్పుడు అన్నిటికంటే పెద్ద ఎర్రర్ ఏది, దాన్ని ఎలా కొలుస్తున్నారు?" వెంటనే లేచి బోర్డు దగ్గరికి వెళ్లి చెప్పడం మొదలుపెట్టారంటే అది మంచి ల్యాబ్.

ఆ అమ్మాయికి వెళ్లేముందు ఒక లెక్క ఇచ్చి పంపాను, మీరూ వేయండి. రిడ్‌బర్గ్ పౌనఃపున్యం 3.2898 లక్షల కోట్ల కిలోహెర్ట్జ్‌గా తీసుకుని, హైడ్రోజన్‌లో ఎన్ 50 నుంచి 51కి పోవడానికి ఎంత కావాలో కట్టండి. 51.1 గిగాహెర్ట్జ్ రావాలి. తర్వాత, విద్యుత్ క్షేత్రంలో ఒక మెట్టు విడిపోయి ఏర్పడే పక్కపక్క స్టార్క్ మెట్ల మధ్య దూరం సెంటీమీటరుకు ఒక వోల్టుకు 1.92 మెగాహెర్ట్జ్‌ను ఎన్‌తో గుణించినంత ఉంటుంది. మీ గదిలో దారితప్పిన క్షేత్రం సెంటీమీటరుకు ఒక్క మిల్లీవోల్టే అనుకోండి. ఎన్ 50 దగ్గర అది మెట్లను ఎంత విడదీస్తుందో చూడండి. రెండు రోజుల తర్వాత ఆమె కాగితం పట్టుకుని వచ్చి, "96 కిలోహెర్ట్జ్ సార్, ప్రోటాన్ తగువంత ఉంది" అంది.